అరవై వేలలో పాత జపాన్ బండి: ఏది కొనాలి, డబ్బు ఎక్కడ పెట్టాలి

మీరు అడిగినది ఇది: చేతిలో అరవై వేలు ఉన్నాయి, 1980ల నాటి జపాన్ బండి ఒకటి కొని బాగు చేయించుకుని రోజూ ఆఫీసుకు నడపాలని కోరిక. ముప్పై అయిదు వేలకు యమహా ఆర్‌ఎక్స్ 100 ఒకటి దొరికింది, రంగు తళతళలాడుతోంది, ఆర్‌సీ మాత్రం పోయిందంటున్నారు. తీసుకోవచ్చా?

తీసుకోవద్దు. ఆర్‌సీ నిజంగా పోయినా దానికి నకలు కోసం ఫారం 26 పెట్టుకోవలసింది రికార్డుల్లో పేరున్న యజమానే. ఆయన మీ పక్కన నిలబడి సంతకం చేయనంత వరకు మీరు కొనేది బండి కాదు, ఇనుము. పేరున్న మనిషి చనిపోయి ఉంటే ముందు వారసుల పేరిట ఫారం 31తో బదిలీ కావాలి, ఆ తరువాతే మీ పేరుకు. అమ్మేవారు "అవన్నీ చూసుకుందాంలెండి" అంటే ఆ చూసుకునేది మీరే అవుతారు. మొదటిసారి నేను కూడా ఇలాంటి బండి దగ్గరే ఆగిపోయాను. అందంగా రంగు వేసిన యమహా. ఇంటికి తెచ్చాక హ్యాండిల్ కింద, ఫోర్కు తిరిగే గొట్టం మీద ఛాసిస్ నంబరు ఉండే చోట గోటితో గీకి చూస్తే రంగు పొర కింద పుట్టీ తగిలింది, అంటే అసలు నంబరును కప్పేశారు. ఆ బండిని నేను ఒక్క రోజు కూడా రోడ్డు మీద నడపలేదు. ఆ నష్టం ఇరవై ఏళ్లయినా నాకు గుర్తుంది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇక ఏ బండి కొనాలన్నది. మన దేశంలో పాత జపాన్ బండి అంటే చాలా వరకు ఇక్కడ తయారైనదే. 1980ల మొదట్లో ప్రభుత్వం విదేశీ భాగస్వామ్యాలకు దారి ఇవ్వడంతో జపాన్ కంపెనీలు నాలుగూ 100 సీసీ బండ్లతో ఇక్కడికి వచ్చాయి. టీవీఎస్‌తో సుజుకి, హీరోతో హోండా, ఎస్కార్ట్స్‌తో యమహా, బజాజ్‌తో కవాసకి. వీటిలో హోండా ఒక్కటే ఫోర్ స్ట్రోక్, మిగిలిన మూడూ టూ స్ట్రోక్. ఎస్కార్ట్స్ వారిదే రాజ్‌దూత్ 350 కూడా. అది యమహా ఆర్‌డీ 350కి మన రూపం, రెండు సిలిండర్లు, 347 సీసీ. అరవై వేల బడ్జెట్‌లో దాని పేరు కూడా తలచుకోవద్దు. దానికి కావలసిన ఒక్కో భాగం కోసం ఊళ్లు తిరగాలి.

ఆర్‌ఎక్స్ 100 గొప్ప బండి. 1985 నుంచి 1996 వరకు తయారైంది. 98 సీసీకి 11 హార్స్ పవర్, బరువు నూరు కిలోల చుట్టుపక్కల. ఆ పరుగు నడిపిన వాళ్లకే తెలుస్తుంది. అయితే ఇప్పుడు దాని ధరలో సగం పేరుకే. పైగా ఆ పేరు ఉండటం వల్లే నకిలీ భాగాలు, అతుకుల బండ్లు, వేరే మోడల్‌కు ట్యాంకు మార్చి అమ్మే బండ్లు దానికే ఎక్కువ. మీరు వారాంతంలో తిరగడానికి అడిగి ఉంటే, చేతిలో లక్షన్నర ఉందంటే, దాన్నే వెతకమని చెప్పేవాడిని. రోజూ ఆఫీసుకు అన్నారు గనుక నా సలహా వేరు: హీరో హోండా సీడీ 100 వెతకండి.

చాలామంది ముఖం చిట్లిస్తారని తెలుసు. మా నాన్న తరం ఉపాధ్యాయులు, ఎల్‌ఐసీ ఏజెంట్లు, పాల వ్యాపారులు నడిపిన బండి అది. దాని మీద ఎవరూ పాటలు కట్టలేదు. కానీ 1985లో హర్యానాలోని ధారూహేడా నుంచి వచ్చిన ఆ ఇంజిన్‌ను ఒకసారి విప్పి చూసిన వాళ్లకు హోండా ఇంజినీర్ల మీద గౌరవం పెరగక మానదు. బోరు, అంటే సిలిండర్ లోపలి వెడల్పు, 50 మిల్లీమీటర్లు; స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, 49.5; మొత్తం 97.2 సీసీ. ఇవే కొలతలతో 1994లో స్ప్లెండర్ వచ్చింది. ఆ కుటుంబం దశాబ్దాల పాటు కోట్ల బండ్లలో తిరిగింది, ఇంకా తిరుగుతోంది. దాని అర్థమేమిటంటే మీ నలభై ఏళ్ల బండికి పిస్టన్, రింగులు, క్లచ్ ప్లేట్లు, టైమింగ్ చైన్ మండల కేంద్రంలోని స్పేర్ పార్టుల దుకాణంలో కూడా దొరికే అవకాశం ఎక్కువ. తక్కువ డబ్బుతో పాత బండి నడపాలనుకునే వాడికి ఇంతకంటే పెద్ద వరం లేదు. ఒక జాగ్రత్త: అన్ని భాగాలూ అచ్చంగా ఒకటే కావు. పాత భాగాన్ని గుడ్డలో చుట్టుకుని తీసుకెళ్లి, కౌంటరు మీద కొత్తదాని పక్కన పెట్టి చూసుకున్నాకే డబ్బు ఇవ్వండి.

కాగితాల మాట పూర్తి చేస్తాను. బండి రిజిస్ట్రేషన్ మొదట 15 ఏళ్లకు ఉంటుంది, ఆ తరువాత ఫారం 25తో అయిదేసి ఏళ్లకు పొడిగించుకోవాలి. దానికి బండిని తీసుకెళ్లి చూపించాలి, గ్రీన్ ట్యాక్స్ కట్టాలి. 1985 నాటి బండి ఇప్పటికి ఎన్నో సార్లు ఈ గడప దాటి ఉండాలి. ఆఖరిసారి ఎప్పుడు పొడిగించారో చూడండి. ఎనిమిదేళ్లుగా మూలన పడి ఉన్న బండి చవకగా కనిపిస్తుంది గానీ, 2022 ఏప్రిల్ నుంచి అమలైన నిబంధనల్లో ఆలస్యానికి మోటార్ సైకిల్‌కు నెలకు 300 రూపాయల అదనపు రుసుము ఉంది. ఎనిమిదేళ్లంటే తొంభై ఆరు నెలలు, లెక్క వేస్తే 28,800. మీ ఆర్టీఏ ఆఫీసులో ఎప్పటి నుంచి ఎంత లెక్క కడతారో బయానా ఇవ్వకముందే అడగండి. 1989కి ముందు రిజిస్టరైన బండ్లకు మూడు అక్షరాల పాత నంబరు ఉంటుంది. అలాంటి వాటి వివరాలు కంప్యూటర్‌లోకి ఎక్కాయా లేదా అన్నది కూడా అక్కడే తెలుస్తుంది. ఎక్కకపోతే ముందు ఆ పని కావాలి. బదిలీకి ఫారం 29, 30. వేరే రాష్ట్రం బండి అయితే అక్కడి నుంచి ఫారం 28తో ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం. ఎప్పుడో తీసుకున్న అప్పు పేరు ఆర్‌సీలో ఇంకా ఉంటే ఫారం 35. పాత బండ్లలో ఇది చాలా తరచుగా కనిపిస్తుంది. అప్పు తీరి ముప్పై ఏళ్లయినా పేరు తీయించరు. ఆ ఫైనాన్స్ కంపెనీయే ఇప్పుడు లేకపోతే మీ తిప్పలు చెప్పనలవి కాదు.

వింటేజ్ రిజిస్ట్రేషన్ గురించి ఎవరైనా చెబితే నమ్మకండి. 2021 నిబంధనల ప్రకారం అది మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన బండ్లకే. పైగా అలా చేయించుకున్న బండిని రోజువారీ పనికి నడపకూడదు.

ఇప్పుడు బండి చూసే రోజు. పొద్దున్నే వెళ్లండి, చెప్పిన సమయానికి గంట ముందు. వెళ్లగానే చేయి ఇంజిన్ ఫిన్నుల మీద పెట్టండి. వెచ్చగా ఉంటే మీరు రాకముందే స్టార్ట్ చేసి ఉంచారని అర్థం, చల్లారే దాకా కూర్చోండి, టీ తాగండి. ఇంజిన్ గుట్టు మొదటి నిమిషంలోనే బయటపడుతుంది. కిక్ రాడ్‌ను కాలితో కాకుండా అరచేత్తో నెమ్మదిగా నొక్కండి. ఒకచోట గట్టిగా ఎదురు తిరగాలి, చేతి బరువు కాసేపు మోయాలి. నీళ్లలోకి దిగినట్టు జారిపోతే రింగులో వాల్వులో అయిపోయాయి. తరువాత స్టార్ట్ చేయమనండి. స్టార్ట్ కాగానే ఒక్కసారి నీలం పొగ వచ్చి ఆగిపోతే వాల్వ్ సీళ్లు పోయాయి, అది చిన్న పని. యాక్సిలరేటర్ తిప్పిన ప్రతిసారీ నీలం పొగ వస్తూనే ఉంటే రింగులు, బోరు. అదీ పెద్ద భయం కాదు, ధరలో తగ్గించుకోండి. పైన టకటకమనే సన్న శబ్దం ట్యాపెట్లది, అది సర్దుకుంటుంది. కింద నుంచి, కడుపులోంచి వచ్చినట్టు దబదబమని లోతైన శబ్దం వస్తే అది క్రాంకు, పిస్టన్ కదలికను తిప్పుడుగా మార్చే ఇరుసు. అప్పుడు ఫుల్ ఇంజిన్ పని, అంటే ఇంజిన్ మొత్తం విప్పడం, తప్పదు. ఆ ఖర్చు మీ బడ్జెట్ మోయదు, నమస్కారం పెట్టి వచ్చేయండి.

చిన్న భాగాలు అన్నీ ఉన్నాయా అని చూడటం చాలామంది మరచిపోతారు. సైడ్ కవర్లు, టూల్ బాక్స్ మూత, చైన్ కవరు, అసలు హెడ్ లైట్ గిన్నె, పాత మీటరు. ఇంజిన్ భాగాలు దొరికినంత సులువుగా ఇవి దొరకవు. తుప్పు పట్టినా, గీతలు పడినా అన్నీ ఉన్న బండే మేలు. రంగు వెలిసి, సీటు చిరిగి, ఒకే కుటుంబంలో ఇన్నేళ్లూ ఉన్న బండి దొరికితే రెండు వేలు ఎక్కువ పెట్టి అయినా తీసుకోండి. కొత్త రంగు వేసిన బండిని నేను ఎప్పుడూ అనుమానంగానే చూస్తాను.

బండి ఇంటికి వచ్చిందనుకుందాం. స్పానరు పట్టుకునే ముందు ఒక స్క్రూ డ్రైవర్ కొనండి. మీకు ఇది వింతగా అనిపించవచ్చు. జపాన్ బండ్ల ఇంజిన్ కవర్లకు, కార్బొరేటర్‌కు ఉండే ప్లస్ స్క్రూలు మామూలు ఫిలిప్స్ రకం కావు, జేఐఎస్ అనే జపాన్ ప్రమాణం. చూడటానికి ఒకేలా ఉంటాయి. చాలా వాటి తల మీద చిన్న చుక్క ఉంటుంది, అదే గుర్తు. ఫిలిప్స్ డ్రైవర్ పెట్టి బలంగా తిప్పితే అది పైకి జారి స్క్రూ తలను కొరికేస్తుంది. పాత హోండాల ఇంజిన్ కవర్ల మీద తలలు అరిగిపోయి, ఉలి దెబ్బలు తిన్న స్క్రూలు కనిపించేది అందుకే. జేఐఎస్ బిట్టు, దానితో పాటు సుత్తితో కొట్టి తిప్పే ఇంపాక్ట్ డ్రైవర్ కొనుక్కోండి. ముందురోజు రాత్రే స్క్రూలకు తుప్పు వదిలించే నూనె పోసి ఉంచండి. ముప్పై ఏళ్లుగా కదలని స్క్రూ ఒక్క దెబ్బకు టక్కుమని వదిలినప్పుడు కలిగే ఆనందం చెబితే అర్థమయ్యేది కాదు.

మొదట విప్పవలసింది కుడివైపు క్లచ్ కవరు. ఈ ఇంజిన్‌లో కార్ల మాదిరి కాగితపు ఆయిల్ ఫిల్టర్ ఉండదు. క్రాంకు చివర గుండ్రటి చిన్న గిన్నె ఒకటి వేగంగా తిరుగుతూ, నూనెలోని మురికిని తన గోడలకు విసిరి అంటిస్తుంది. మజ్జిగ చిలికితే వెన్న పక్కకు చేరినట్టు. దాని మూత తీసి వేలు పెట్టి చూడండి. గోడకు పలచగా నల్లటి పొర ఉంటే ఆ బండి యజమాని ఆయిల్ వేళకు మార్చిన మనిషి. నేను విప్పిన ఒక బండిలో ఆ గిన్నె సగం దాకా కాటుకలా గట్టిపడి ఉంది, చెంచాతో తవ్వి తీశాను. దాని పిస్టన్ ఎలా ఉంటుందో పైభాగం విప్పకముందే తెలిసిపోయింది. గిన్నెను, కింద ఉండే జల్లెడను కిరోసిన్‌తో కడిగి పెట్టండి. ఇది చేయకుండా కొత్త బోరు వేయించడం, పాచి పట్టిన తొట్టిలో మంచినీళ్లు పోయడం లాంటిది.

పొగ కొడుతుంటే హాఫ్ ఇంజిన్ పని, అంటే క్రాంకును కదపకుండా పైభాగం మాత్రం విప్పే పని, చేయించాలి. సిలిండర్ పైకి తీశాక, పిస్టన్‌ను క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్‌ను పట్టుకుని నిలువుగా పైకి లాగి కిందికి నొక్కండి. పక్కలకు కొంచెం కదిలితే ఫరవాలేదు, అది ఉండాలి. నిలువుగా వెంట్రుకంత ఆట కూడా ఉండకూడదు. పిస్టన్ తల మీద బొగ్గు గీకి చూస్తే దాని సైజు చెక్కి ఉంటుంది. అసలు సైజు తరువాత 0.25, 0.50, 0.75, 1.00 మిల్లీమీటర్లు ఎక్కువ అని నాలుగు మెట్లు. 0.25 మీద ఉందంటే ఆ సిలిండర్‌కు ఇంకా ఆయుష్షు ఉంది. 1.00 కూడా అరిగిపోయి ఉంటే కొత్త సిలిండర్ కిట్ చూసుకోవాలి. బోరు చేయించేటప్పుడు పిస్టన్ ముందు కొని, అదే పిస్టన్‌ను లేత్ షాపు వారి చేతికి ఇవ్వండి. దాన్ని కొలిచి, దానికి తగినట్టు బోరు కోయాలి. బోరు ముందు కోసి తరువాత పిస్టన్ వెతికేవారి దగ్గర పని చేయించవద్దు. విజయవాడ ఆటోనగర్‌లోనైనా మరెక్కడైనా బోరు గేజీ పెట్టి పైన, మధ్యన, కింద మూడు చోట్ల కొలిచే పెద్దమనిషి దొరికితే ఆయన చెప్పినంత ఇచ్చి, చెప్పినన్ని రోజులు ఆగండి. సిలిండర్ మీద మూతలా కూర్చునే హెడ్‌ను తలకిందులు చేయకుండా అలాగే ఉంచి, వాల్వులు మూసి ఉన్నప్పుడు పోర్టులో, అంటే గాలి వచ్చిపోయే దారిలో, కొంచెం కిరోసిన్ పోయండి. లోపలి వైపు చెమ్మ కనిపిస్తే వాల్వులకు గ్రైండింగ్ పేస్టుతో నూరుడు కావాలి. సీళ్లు ఎలాగూ కొత్తవే వేయాలి, అవి చాలా చవక.

ట్యాంకు మీరే శుభ్రం చేసుకోవచ్చు. ఈ పని నాకు చాలా ఇష్టం. కుళాయి విప్పి ఆ రంధ్రానికి రబ్బరు బిరడా పెట్టండి. పెట్రోలు వాసన పోయేదాకా సబ్బు నీళ్లతో రెండు మూడు సార్లు కడగండి. గుప్పెడు చిన్న నట్లు లెక్కపెట్టి లోపల వేసి, పది నిమిషాలు అటూ ఇటూ ఊపి, లెక్కపెట్టే బయటికి తీయండి. ఆ తరువాత కిరాణా కొట్టులో దొరికే నిమ్మ ఉప్పు లీటరు వేడినీటికి యాభై గ్రాముల చొప్పున కలిపి అంచు దాకా పోసి రాత్రంతా వదిలేయండి. పొద్దున పారబోస్తే నీళ్లు తేనె రంగులో వస్తాయి, లోపల టార్చి వేసి చూస్తే బూడిద రంగు ఇనుము కనిపిస్తుంది. వెంటనే వంట సోడా కలిపిన నీటితో కడిగి, ఎండలో పూర్తిగా ఆరబెట్టి, టీ గ్లాసుడు ఇంజిన్ ఆయిల్ లోపల పోసి నలుమూలలా అంటేలా తిప్పి ఒంపేయండి. ఆరబెట్టి అలాగే వదిలేస్తే సాయంత్రానికి మళ్లీ ఎర్రబడుతుంది.

రబ్బరు అన్నదంతా మార్చేయండి, బాగున్నట్టు కనిపించినా సరే. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. 1980ల నాటి పైపులు, కార్బొరేటర్ సీళ్లు దాని కోసం చేసినవి కావు. ఉబ్బుతాయి, మెత్తబడతాయి, చీలుతాయి. ఇథనాల్ తేమను లాగుతుంది కాబట్టి బండిని పది పదిహేను రోజులు ఆపేటప్పుడు కార్బొరేటర్ గిన్నెలోని పెట్రోలు కింది స్క్రూ వదులు చేసి దించేయండి. కార్బొరేటర్‌కు, హెడ్‌కు మధ్య ఉండే ముక్కకు పగులు ఉంటే బండి ఐడిలింగ్‌లో నిలవదు. ఎన్ని సార్లు ట్యూనింగ్ చేయించినా అదే కథ. ఇంజిన్ తిరుగుతుండగా ఆ అతుకు మీద కార్బొరేటర్ క్లీనర్ చిటికెడు చల్లి చూడండి. ఇంజిన్ వేగం ఒక్కసారి మారితే గాలి అక్కడి నుంచే దూరుతోంది. చల్లేటప్పుడు ఇంజిన్ మరీ వేడెక్కి ఉండకూడదు, సిగరెట్టు, నిప్పు దరిదాపుల్లో ఉండకూడదు. కార్బొరేటర్‌లో పెట్రోలును కొలిచి వదిలే సన్న రంధ్రాల ముక్కలు, అంటే జెట్లను, సూదితోనో తీగతోనో పొడవద్దు. ఆ రంధ్రం వెంట్రుక వాసి పెరిగినా మైలేజీ పోతుంది.

కరెంటు పని గురించి పెద్దగా చెప్పేది లేదు. మీ బండి 6 వోల్టులదో 12 వోల్టులదో చూసుకుని బ్యాటరీ, బల్బులు కొనండి. ఎర్త్ వైరు ఛాసిస్‌కు తగిలే చోట రంగు గీకి మెరిసే ఇనుము కనిపించేలా చేయండి. సగం జబ్బులు అక్కడే నయమవుతాయి. వైరింగ్ కిట్ అతుకుల మయంగా ఉంటే మొత్తం కొత్తది వేయించండి.

డబ్బు ఎలా పంచుకోవాలో నేను చేసే లెక్క చెబుతాను. బండికి, బదిలీకి, పొడిగింపుకు కలిపి ముప్పై వేలు దాటనివ్వను. బ్రేక్ షూలు, కేబుళ్లు, టైర్లు, చైన్ స్ప్రాకెట్లు, హ్యాండిల్ కోన్ సెట్, చక్రాల బేరింగులు, వీటికి పది పన్నెండు వేలు ఇంజిన్ కంటే ముందే పక్కన పెడతాను. బండి ఆగడం ముఖ్యం, పరుగెత్తడం తరువాత. ఇంజిన్‌కు పది వేలు. అయిదు వేలు ముట్టుకోకూడని డబ్బు, ఎందుకంటే విప్పాక కనిపించే జబ్బు ఒకటి తప్పకుండా ఉంటుంది. మిగిలినది రంగుకు. హైదరాబాద్ పుత్లీబౌలిలో తిరిగితే స్పేర్ పార్టులు, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో బేరింగులు బేరమాడి కొనవచ్చు. పాత అసలు భాగాల కోసం చెన్నై పుదుపేటకు ఒక్కసారి వెళ్లి రావడం కూడా తప్పు కాదు. జపాన్ బేరింగు మీద వంద రూపాయలు ఎక్కువ పెట్టడానికి వెనుకాడకండి. తీసిన పాత భాగాలను ఒక గోనె సంచిలో దాచండి. పాత రిమ్ములను, పాత స్టీలు మడ్‌గార్డులను పారేసి సన్నటి కొత్తవి వేసుకున్నవారు తరువాత బాధపడటం చాలా చూశాను. వాటికి తుప్పు వదిలించి, మళ్లీ క్రోమ్ వేయిస్తే కొత్తవాటి కంటే ఎక్కువ కాలం ఉంటాయి.

రంగు ఆఖరున, కనీసం వెయ్యి కిలోమీటర్లు నడిపి, ఇక ఇంజిన్ విప్పే పని లేదని తేలాక. ముందే వేయిస్తే ప్రతి స్పానరు దానికి ఒక గీత పెడుతుంది, పెట్రోలు ఒలికి మరకలు పడతాయి. ఆర్‌సీలో ఏ రంగు రాసి ఉందో అదే వేయించండి. ఛాసిస్‌కు పౌడర్ కోటింగ్ చేయిస్తుంటే దగ్గర నిలబడి ఛాసిస్ నంబరు మీద, బేరింగులు కూర్చునే చోట్ల, ఎర్త్ బోల్టు చోట టేపు అంటించేదాకా కదలకండి. నంబరు మీద మందపాటి పొర పడితే తరువాతి తనిఖీలో ఇన్‌స్పెక్టర్‌కు సమాధానం చెప్పుకోవలసింది మీరే.

బోరు చేయించిన బండిని మొదటి 500 కిలోమీటర్లు యాభై వేగం దాటించకండి. అలాగని ఒకే వేగంతో కూడా నడపకండి, పెంచుతూ తగ్గిస్తూ ఉండాలి, వెనక మనిషిని ఎక్కించుకోకూడదు. 500 దాటిన రోజు ఆయిల్ వేడిగా ఉండగానే ఒక తెల్లటి ప్లాస్టిక్ డబ్బాలోకి దించి ఎండలోకి తీసుకెళ్లి చూడండి. సన్నటి వెండి పొడి మెరిస్తే మంచిదే, రింగులు బోరుకు సర్దుకున్నాయి. గోటికి తగిలే ముక్కలు కనిపిస్తే బండి తీయకండి, వాటిని పొట్లం కట్టుకుని బోరు చేసిన ఆయన దగ్గరికే వెళ్లండి.